పళ్లు తోముకోవడానికీ ఒక పర్యావరణ లెక్క

నోటి శుభ్రతనూ పర్యావరణాన్నీ కలిపి మాట్లాడటం మొదలుపెట్టగానే చర్చ నేరుగా బ్రష్ పిడి మీదికి వెళ్లిపోతుంది. ప్లాస్టిక్ పిడి పాపం, వెదురు పిడి పుణ్యం, వేపపుల్లయితే ఏకంగా మోక్షం. వెదురు బ్రష్‌ల ప్రకటనలూ, తాతల కాలమే మేలనే వాట్సాప్ సందేశాలూ ఈ తీర్పును రోజూ బలపరుస్తూనే ఉన్నాయి. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ పిడి దగ్గర మొదలై పిడి దగ్గరే ముగిసే ఈ లెక్కలో రెండు పద్దులు రాయకుండా మిగిలిపోతున్నాయి. రోజూ సింకులోకి పోయే నీళ్లూ పేస్టూ ఒకటి. పాడైన పన్నును బాగుచేయించడానికి ఖర్చయ్యే సరంజామా రెండోది. ఈ రెండోదాన్ని వదిలేస్తే మిగతా లెక్కంతా తలకిందులవుతుంది. కాబట్టి పొద్దున్నే మన చేతికొచ్చే ఒక్కో వస్తువునూ, దానికి బదులుగా చెబుతున్నవాటినీ వరుసగా తూచి చూద్దాం.

ప్లాస్టిక్ బ్రష్‌తో అసలు చిక్కు

నైలాన్ కుచ్చున్న బ్రష్ 1938లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ నైలాన్‌తో బజారుకొచ్చింది. అంతకుముందు ఎముక పిడికి పంది వెంట్రుకలు బిగించి వాడేవారు. ఆ తర్వాత పిడి కూడా ప్లాస్టిక్ అయింది. ఇప్పుడు మనం వాడే మామూలు బ్రష్‌లో పిడి ఎక్కువగా పాలీప్రొపిలిన్, కుచ్చు నైలాన్. కుచ్చును తలలో బిగించి ఉంచేది కంటికి కనిపించని చిన్న లోహపు ముక్క. పట్టు జారకుండా పిడి మీద మెత్తని రబ్బరులాంటి పొర మరొకటి.

ఇన్ని పదార్థాలు ఒకే చోట అతుక్కుని ఉండటమే అసలు చిక్కు. పాలీప్రొపిలిన్‌ను విడిగా కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. కానీ 15 గ్రాముల వస్తువు నుంచి నైలాన్‌నూ లోహాన్నీ విడదీసే కూలి ఎవరికీ గిట్టదు. అందుకే పాత సామాన్ల వాడు సీసాలు కొంటాడు, డబ్బాలు కొంటాడు, పాత చెప్పులు కూడా కొంటాడేమో గాని బ్రష్ కొనడు. చెత్త ఏరుకునేవాళ్లూ దాన్ని ముట్టుకోరు. పొడి చెత్త బుట్టలో వేసినా అది చేరేది చివరికి డంపింగ్ యార్డుకో, చెత్త తగలబెట్టి కరెంటు తీసే ప్లాంటుకో.

మొత్తం ఎంతవుతుంది? 2011 జనాభా లెక్కల నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8.46 కోట్ల మంది ఉన్నారు. తలకి ఏడాదికి ఒక్క బ్రష్ చొప్పున వేసుకున్నా, ఒక్కోటి 15 గ్రాములనుకుంటే, దాదాపు 1,270 టన్నులు. దంతవైద్యులు చెప్పినట్టు మూడు నెలలకోసారి మారిస్తే ఇది ఐదు వేల టన్నులు దాటుతుంది. పాలకవర్లూ క్యారీబ్యాగులూ పోగయ్యే పరిమాణం ముందు ఇది చిన్నదే. కానీ అవి కొంతవరకైనా మళ్లీ వాడకంలోకి వస్తాయి, ఇది బొత్తిగా రాదు.

మన ఇళ్లలో పాత బ్రష్‌కి రెండో జన్మ ఉంటుందన్నది నిజమే. దువ్వెనలు కడగడానికి, తలకి రంగు వేసుకోవడానికి, కుట్టుమిషన్ దులపడానికి, నగలు తోమడానికి, ఆఖరికి లంగాలోకి బొందు ఎక్కించడానికి కూడా అదే. దీనివల్ల ఇంకో బ్రష్ కొనే పని తప్పుతుంది. అయితే ఆ వస్తువు చెత్తలోకి చేరడం వాయిదా పడుతుందే తప్ప ఆగదు.

వెదురు పిడి ఎంతవరకు?

వెదురు త్వరగా పెరుగుతుంది, కొట్టినా మళ్లీ చిగురిస్తుంది, మట్టిలో కలిసిపోతుంది. మన చట్టాలు కూడా దానికి దారి సుగమం చేశాయి. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. 2017లో భారత అటవీ చట్టాన్ని సవరించి, అడవుల వెలుపల పెరిగే వెదురును ‘చెట్టు’ నిర్వచనం నుంచి తొలగించారు. పొలం గట్టున పెంచిన వెదురును నరికి అమ్ముకోవడం దాంతో తేలికైంది.

కానీ పిడి వెదురైనంత మాత్రాన బ్రష్ అంతా వెదురు కాదు. చాలా వెదురు బ్రష్‌లలో కుచ్చు నైలాన్‌దే. కొన్నిటి మీద ‘మొక్కల నుంచి తీసిన కుచ్చు’ అని రాసి ఉంటుంది. అది చాలాసార్లు ఆముదం నూనెతో చేసిన నైలాన్. ప్రపంచంలో ఆముదాలు ఎక్కువగా పండించేది మన దేశమే. గుజరాత్‌ది మొదటి స్థానమైనా పాలమూరు, నల్లగొండ రైతులకూ అది పాత పంటే. అయినా ముడిసరుకు చేలో పండినదైనంత మాత్రాన తయారైన ప్లాస్టిక్ మట్టిలో కలిసిపోదు. పెట్రోలియం నైలాన్ లాగే ఇదీ ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. కాబట్టి వెదురు బ్రష్‌ను పెరట్లో కంపోస్టు గుంటలో వేసేవాళ్లు ముందుగా పట్టకారుతో కుచ్చు పీకేయాలి. తడి బాత్రూములో నిలబెట్టి ఆరబెట్టకపోతే వెదురుకు బూజు పడుతుందన్నది కూడా కొనేముందే తెలిసుండాలి.

ఈ విషయం మీద చెప్పుకోదగ్గ అధ్యయనం ఒకటి 2020లో బ్రిటిష్ డెంటల్ జర్నల్‌లో వచ్చింది. లండన్, డబ్లిన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు నాలుగు రకాల బ్రష్‌లను ముడిసరుకు నుంచి చెత్తబుట్ట దాకా తూచారు: మామూలు ప్లాస్టిక్ బ్రష్, తల మార్చుకోగల ప్లాస్టిక్ బ్రష్, వెదురు బ్రష్, ఎలక్ట్రిక్ బ్రష్. ఒక మనిషి ఐదేళ్లు వాడితే ఎంత భారం పడుతుందన్నది కొలత. వాతావరణ మార్పు లెక్కన ఎలక్ట్రిక్ బ్రష్ భారం వెదురు బ్రష్ కంటే 11 రెట్లు ఎక్కువని తేలింది. వెదురు బ్రష్, తల మార్చుకునే బ్రష్ రెండూ చాలా కొలతల్లో మెరుగ్గా నిలిచాయి. అయినా వెదురే ఆఖరి జవాబని వాళ్లు అనలేదు. వెదురు పెంచడానికి భూమి కావాలి, ఆ భూమికి వేరే మంచి ఉపయోగాలుండవచ్చు. వాడిన ప్లాస్టిక్‌ను సేకరించి మళ్లీ బ్రష్‌గానే మార్చే ఏర్పాటుంటే అదే మేలన్నది వాళ్ల అభిప్రాయం.

దీన్నుంచి మనం తీసుకోవాల్సిన మాట స్పష్టం. పిడిని పదేపదే పారేయకపోవడం అసలు కీలకం, అది దేనితో చేసిందన్నది ఆ తర్వాతి సంగతి. చేతులు వణికేవాళ్లకు, కీళ్లనొప్పులున్నవాళ్లకు, వైకల్యమున్నవాళ్లకు ఎలక్ట్రిక్ బ్రష్ అవసరం కావచ్చు. వాళ్లను తప్పుపట్టనక్కర్లేదు. బ్యాటరీ పోయినప్పుడు దాన్ని ఈ-చెత్తలో ఇవ్వమని గుర్తుచేస్తే చాలు. మిగతావాళ్లకు మాత్రం అది పర్యావరణ వస్తువు కాదు.

పందుంపుల్ల: గౌరవం వేరు, లెక్క వేరు

వేప, కానుగ, తుమ్మ పుల్లలు, మర్రి ఊడలు, ఉత్తరేణి వేళ్లు... మన ఊళ్లలో పందుంపుల్లకి వాడనివి తక్కువ. నమిలి కుచ్చు చేసుకుని తోమడం, తర్వాత అదే పుల్లను రెండుగా చీల్చి నాలుక గీసుకోవడం, చివరికి పారేస్తే మట్టిలో కలిసిపోవడం. వస్తువు రూపకల్పనగా చూస్తే దీన్ని మించింది లేదు. చార్మినార్ దగ్గర మసీదుల ముందు అమ్మే మిస్వాక్ పుల్లది కూడా ఇదే కోవ. వేపలోనూ మిస్వాక్‌లోనూ సూక్ష్మజీవుల్ని అదుపుచేసే పదార్థాలున్నాయని ప్రయోగశాలల్లో తేలింది. సరిగ్గా తోమితే పుల్ల కూడా పాచిని బాగానే తీస్తుంది.

‘సరిగ్గా’ అన్న దగ్గరే ఉంది పేచీ. ముందరి పళ్లకు బయటివైపు పుల్ల చక్కగా అందుతుంది. దవడపళ్ల వెనక, పళ్లకు లోపలివైపు అందడం కష్టం. గట్టిగా రుద్దితే చిగుళ్లు కిందికి జారతాయి. పైగా పుల్లలో పంటిని పిప్పి నుంచి కాపాడే ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. తాతల తరానికి అది సరిపోయిందంటే పుల్ల గొప్పతనం ఒక్కటే కారణం కాదు. వాళ్ల తిండిలో చక్కెర తక్కువ. రోజుకు నాలుగు టీలు, బిస్కెట్లు, కూల్‌డ్రింకులున్న నోటికి ఆ పుల్ల ఒక్కటే కాపలా కాయలేదు.

ఇంకో లెక్క చెట్టు వైపు నుంచి వేయాలి. నలుగురున్న ఇంటికి రోజుకు నాలుగు పుల్లలంటే ఏడాదికి 1,460. పెరట్లో చెట్టుండి కొమ్మలు కత్తిరించే ఇంటికి ఇది భారం కాదు. కోటి మంది ఉన్న హైదరాబాద్‌కు రోజుకో కోటి లేత కొమ్మలు ఎక్కడి నుంచి తేవాలి? చెట్టు ఆరోగ్యం కూడా మనం అనుకున్నంత భద్రంగా లేదు. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు కొనల నుంచి ఎండిపోతూ వచ్చాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల కొమ్మలు ఎండే తెగులు అదని వ్యవసాయ శాస్త్రవేత్తలు గుర్తించారు. పందుంపుల్ల పల్లెకీ పెరడున్న ఇంటికీ ఇప్పటికీ మంచి అలవాటే. నగరమంతటికీ దాన్నే విధానంగా చెప్పడం మాత్రం కుదరదు.

పళ్లపొడి, పేస్టు, ఫ్లోరైడ్

బొగ్గుపొడి, ఉప్పు, కచ్చిక, ఇటుకపొడి. ప్యాకింగ్ లేనివన్న ఒక్క సుగుణం తప్ప వీటిలో చాలావాటికి పళ్ల దగ్గర మంచి పేరు లేదు. గరుకు పొడిని వేలితో రోజూ రుద్దితే ఎనామిల్ అరుగుతుంది. అరిగింది మళ్లీ పెరగదు. ఇప్పుడు నల్లరంగు పేస్టుల రూపంలో బొగ్గు తిరిగొచ్చింది. దానివల్ల పళ్లకు ప్రత్యేకమైన మేలుందనడానికి చాలినన్ని ఆధారాలు లేవని 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. సహజమన్న మాట భద్రతకు హామీ కాదని చెప్పడానికి మనకు ఇంకో పాఠం కూడా ఉంది. పళ్లపొడుల్లో పొగాకు కలపడం మన దేశంలో మామూలుగా ఉండేది. 1992లో కేంద్ర ప్రభుత్వం దాన్ని నిషేధించాల్సి వచ్చింది.

పేస్టులో మేలుచేసే ముఖ్య పదార్థం ఫ్లోరైడ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ పేస్టును అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన నిబంధనల ప్రకారం పేస్టులో అది 1,000 పీపీఎం మించకూడదు. ఎంత ఉందో ట్యూబు మీద రాయాలి.

ఫ్లోరైడ్ పేరు వింటే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది నల్లగొండ. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో మొదట నమోదు చేసింది కూడా తెలుగు నేల మీదే, 1937లో, నేటి ప్రకాశం ప్రాంతంలో. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తీసే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ‘నల్లగొండ టెక్నిక్’. నల్లగొండవాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. అయితే బోరునీళ్లతో ఏళ్ల తరబడి కడుపులోకి పోయే ఫ్లోరైడ్ వేరు, పంటి మీద రాసి ఉమ్మేసేది వేరు. మొదటిది ఎముకల్ని వంచుతుంది, రెండోది పంటిని గట్టిపరుస్తుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో పేస్టు మింగే వయసు పిల్లల విషయంలో మాత్రం దంతవైద్యుల్ని అడిగి వాడటం మంచిది. ఈ తేడా తెలియక, పర్యావరణం పేరుతో ఫ్లోరైడ్ లేని ఖరీదైన మాత్రలకో మూలికల పొడికో మారితే, ట్యూబు మిగిలి పన్ను పోతుంది. టూత్‌పేస్టు మాత్రలు గాజుసీసాలో వచ్చినా, వాటిలో ఫ్లోరైడ్ ఉందో లేదో చూసి మరీ కొనాలి.

ఇక ట్యూబు. ఒకప్పటి లోహపు ట్యూబు పోయి, ప్లాస్టిక్ పొరల మధ్య పల్చని అల్యూమినియం ఉన్న ట్యూబు వచ్చింది. పొరలు విడిపోవు కాబట్టి దానికీ బ్రష్ గతే పట్టింది. 2019లో కోల్గేట్ కంపెనీ పాలసీసాల రకం ప్లాస్టిక్ ఒక్కదానితోనే చేసిన ట్యూబును చూపించింది, ఇతర కంపెనీలూ అదే దారి పట్టాయి. తిరిగి వాడుకోగలది కావడం మొదటి మెట్టు. దాన్ని సేకరించి, పేస్టు కడిగి, కొనేవాడు దొరికితేనే రెండో మెట్టు. అది ఇంకా మన వీధుల్లోకి రాలేదు.

ఈలోగా మన చేతిలో ఉన్న ఉపాయం అంతకంటే బలమైనది: పేస్టు తగ్గించడం. ప్రకటనల్లో కుచ్చు పొడవునా అలలాగా పరిచి చూపిస్తారు. పెద్దవాళ్లకు బఠాణీ గింజంత చాలు. మూడేళ్లలోపు పిల్లలకైతే బియ్యపు గింజంత. పొడవునా పెడితే సుమారు ఒక గ్రాము, బఠాణీ గింజంత అయితే పావు గ్రాము. రోజుకు రెండుసార్లు తోముకునే నలుగురి ఇంటికి మొదటి లెక్కన ఏడాదికి 100 గ్రాముల ట్యూబులు 29 కావాలి, రెండో లెక్కన ఏడుకు కొంచెం పైన. ఏ వెదురు బ్రష్షూ ఇంత ప్లాస్టిక్ మిగల్చలేదు, ఇంత డబ్బు అసలే మిగల్చదు. అయిపోయిన ట్యూబును అప్పడాల కర్రతో ఒత్తి, ఆఖర్న కత్తెరతో కోసి గీకే అమ్మల పిసినారితనం కూడా ఈ లెక్కలో గౌరవంగా చేరుతుంది. పది రూపాయల చిన్న ట్యూబుల్లో గ్రాముకు ప్యాకింగ్ ఎక్కువ పడుతుంది. కానీ రోజుకూలీ ఇల్లు అదే కొనగలదు. ఆ తప్పు కొనేవాళ్లది కాదు.

మిగతా సామాను

నాలుక గీసుకునే బద్ద విషయంలో చర్చే అక్కర్లేదు. స్టీలుదో రాగిదో ఒకటి కొంటే ఏళ్లు వస్తుంది, ప్లాస్టిక్‌ది విరిగిపోతుంది. మౌత్‌వాష్ రోజూ అందరికీ అవసరం లేదు. చిగుళ్ల జబ్బుకు డాక్టరు రాసినన్నాళ్లు వాడి మానేయడమే పద్ధతి. నూనె పుక్కిలించడం వల్ల నోటికి హాయి ఉండొచ్చు గాని అది తోముకోవడానికి బదులు కాదు. పళ్ల సందులు శుభ్రం చేసే దారం చిగుళ్లకు మంచిదే. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ విల్లులాంటి పుల్లల కంటే డబ్బాలో వచ్చే ఒట్టి దారం మేలు. పేస్టులో మెరిసే ప్లాస్టిక్ గుళికలు ఒకప్పుడు ఉండేవి. 2015లో అమెరికా చట్టం చేసి వాటిని ఆపింది. 2017లో మన ప్రమాణాల సంస్థ కూడా సౌందర్య సాధనాల్లో వాడదగని వాటిలో వాటిని చేర్చింది. చట్టం పట్టుబడితే పరిశ్రమ ఎంత త్వరగా మారుతుందో చెప్పే ఉదాహరణ ఇది.

నీళ్ల సంగతి కొంచెం ఆగి చూడాలి. కొళాయి నిమిషానికి ఆరు లీటర్లు పోస్తుందనుకుంటే, తోముకునే రెండు నిమిషాలూ తిప్పి వదిలేస్తే 12 లీటర్లు. నలుగురు, రెండు పూటలంటే 96 లీటర్లు. చెంబుతో ముంచుకునేవాళ్లకు ఇందులో పదో వంతు కూడా పట్టదు. హైదరాబాద్‌కు కృష్ణ, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపులతో ఎత్తిపోస్తేనే వస్తాయి. అక్కడ కొళాయి వదిలేయడమంటే కరెంటు వదిలేయడం కూడా. పైగా తోముకున్నాక నురగ ఉమ్మేసి, నీళ్లతో పదేపదే పుక్కిలించకుండా ఉంటే ఫ్లోరైడ్ పంటి మీద ఎక్కువసేపు నిలుస్తుంది. ఐదారుసార్లు పుక్కిలిస్తే గాని తృప్తి ఉండని మనకు ఇది వింతగా తోచవచ్చు. నీటికీ పంటికీ ఒకేసారి మేలు చేసే అలవాటు మాత్రం ఇదే.

రాయకుండా వదిలేసిన పద్దు

పన్ను పిప్పిపడితే ఏం జరుగుతుందో చూడండి. పల్లె నుంచి పట్నానికి నాలుగైదుసార్లు ప్రయాణం, ప్రతిసారీ పారేసే చేతి తొడుగులు, సూదులు, ప్లాస్టిక్ కప్పులు, పరికరాలు ఉడికించే కరెంటు, తర్వాత తొడిగే క్యాపు. వెండి రంగు ఫిల్లింగ్ అయితే అందులో సగం దాకా పాదరసం. పాదరసాన్ని తగ్గించే మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి నుంచి ఆ ఫిల్లింగ్‌ను దాదాపు పూర్తిగా ఆపేసింది.

ఇంగ్లండ్ ప్రజారోగ్య విభాగం తమ ప్రభుత్వ దంతవైద్యం వల్ల వెలువడే కర్బన ఉద్గారాలను లెక్కగట్టి 2018లో నివేదిక ఇచ్చింది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు రోగులూ సిబ్బందీ చేసే ప్రయాణాలవేనని తేలింది. మన రోడ్లూ మన వైద్యమూ వేరు కాబట్టి ఆ అంకె మనకు అలాగే వర్తించదు. కానీ అది చెప్పే తర్కం వర్తిస్తుంది: చికిత్స దాకా పోని పన్నే భూమి మీద తక్కువ భారం వేస్తుంది. అంటే చక్కెర తగ్గించడం, రాత్రి పడుకునే ముందు కూడా తోముకోవడం, గుట్కా మానడం ఆరోగ్య సలహాలు మాత్రమే కావు, అవి పర్యావరణ సలహాలు కూడా.

ఏది ముందు, ఎవరి వంతు?

ఇంతా తూచాక వరుస ఇలా తేలుతుంది. మొదట పన్ను పాడవకుండా చూసుకోవడం, అందుకు ఫ్లోరైడ్ పేస్టూ, రెండు పూటలా తోముకోవడమూ, తక్కువ తీపీ. రెండోది వాడకం తగ్గించడం: బఠాణీ గింజంత పేస్టు, కట్టేసిన కొళాయి, అనవసరమైన మౌత్‌వాష్ మానడం, లోహపు నాలుక బద్ద. వెదురు పిడో తల మార్చుకునే పిడో ఎంచుకోవడం మూడోది. అందరూ మొదట పట్టుకునేది ఈ మూడోదాన్నే, ఎందుకంటే అది బజారులో దొరుకుతుంది, ఫొటోలో కనిపిస్తుంది. మొదటి రెండూ దొరికేవి కావు, చేయాల్సినవి.

నాలుగోది మన చేతిలో లేదు. 2022లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్లాస్టిక్ ప్యాకింగ్‌ను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే. పేస్టు ట్యూబు ప్యాకింగ్ కాబట్టి అది ఆ లెక్కలోకి వస్తుంది. బ్రష్ ప్యాకింగ్ కాదు, వస్తువు. కాబట్టి దాని బాధ్యత ఎవరి ఖాతాలోనూ లేదు. అదే ఏడాది జూలై నుంచి ప్లాస్టిక్ పుల్లల ఇయర్‌బడ్స్‌ను నిషేధించిన దేశం, ప్రతి ఇంటి నుంచీ ఏటా బయటికొచ్చే బ్రష్‌ల గురించి ఒక్క మాటా చెప్పలేదు. మందుల దుకాణాల్లో పాత బ్రష్‌ల డబ్బా పెట్టించడం, పిడి ఒకే రకం ప్లాస్టిక్‌తో ఉండాలని ప్రమాణం పెట్టడం, తల మార్చుకునే బ్రష్‌ను సామాన్యుడి ధరకు తేవడం: ఇవన్నీ కంపెనీలూ, పురపాలక సంస్థలూ, ప్రభుత్వమూ చేయాల్సిన పనులు. ఇంట్లోవాళ్లు తమ వంతు లెక్క సరిచూసుకున్నాక ఈ బాకీ వాళ్లను అడిగే హక్కు మరింత గట్టిపడుతుంది. అడగకుండా వెదురు బ్రష్ ఒకటి కొని ఊరుకుంటే మాత్రం బాకీ మన పేరుమీదే ఉండిపోతుంది.